మెషీన్ రూము గోడమీద మూడు చుక్కల పేపరు

కంప్యూటర్లో వెతికితే దొరకలేదు కాబట్టి ఆ సంగతి అసలు జరగనే లేదని ఈమధ్య ఒక కుర్ర విలేకరి నాతో వాదించాడు. ఒక పెళ్లి భోజనాల దగ్గర, నా పక్క కుర్చీలోనే కూర్చుని. నా చేతిలో అప్పడం ఉండబట్టి సరిపోయింది గానీ, ఇంకేదైనా గట్టి వస్తువు ఉండుంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆ పూట పెళ్లివారి మొహం చూసి ఊరుకున్నాను. అప్పుడు మింగేసిన సమాధానమే ఇది. ఆ అబ్బాయికే కాదు, పత్రికల్లో పనిచేస్తున్న, చెయ్యబోతున్న మీ అందరికీనూ.

విశాఖపట్నంలో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రికలో ప్రూఫులు దిద్దుతూ చేరి, లైబ్రరీలో తేలి, అక్కడే రిటైరయ్యాను. కూర్చుని చేసే ఉద్యోగమే అయినా నేను కూర్చున్నది తక్కువ. ఆఫీసులో నన్ను వెనకాల కాలుగాలిన పిల్లి అనేవారు. ముందర కూడా అనేవారు, నేను వినిపించుకునేదాన్ని కాదు. ఫోను మాట్లాడాలంటే నడవాలి, ఆలోచించాలంటే నడవాలి, కోపం వస్తే మరీ నడవాలి. ఇది రాయడానికి కూర్చున్నాక కూడా ఎన్నిసార్లు లేచి మేడమీదికి వెళ్లివచ్చానో మా ఇంట్లోవాళ్లని అడగండి.

మా పాత ఆఫీసు పోర్టుకి దగ్గర్లో ఉండేది. పొద్దున తుడిచిన బల్లమీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు, అంత బొగ్గుపొడి. పేపరు చదివితే ఇంకు అంటుకుందని జనం అనుకుంటారు. మాకైతే పేపరు చదవకపోయినా వేళ్లు నల్లగానే ఉండేవి.

ఇక్కడ ఒక్క పనిముచ్చట చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మా పేపరు అటు ఇచ్ఛాపురం నుంచి ఇటు తుని దాకా వెళ్లేది. దూరం ఊళ్లకు వెళ్లాల్సిన కాపీలు ముందుగా అచ్చయి వ్యాన్లెక్కేవి. దాని తర్వాత వచ్చిన వార్తలు కలుపుకుంటూ ఇంకో ఎడిషను, అన్నిటికన్నా ఆఖరున విశాఖ సిటీ ఎడిషను. ఏది ఏదో కలిసిపోకుండా పత్రిక పేరు కింద చిన్న చుక్కలు పెట్టేవారు. మొదటి ఎడిషనుకి ఒక చుక్క, సిటీకి మూడు. రోజూ చదివే పాఠకుడికి కూడా ఆ చుక్కలు కనపడవు. మాకూ కనపడేవి కావు, అదే ఈ కథ.

మా సంస్థ పెట్టిన పెద్దాయనకు భక్తి ఎక్కువ. మెషీన్ తిరగగానే వచ్చిన మొట్టమొదటి కాపీకి పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి పటం ముందు ఉంచాలని ఆయన ఏర్పాటు. పొద్దున పూజయ్యాక ఆ కాపీ లైబ్రరీకి వచ్చేది. అమ్మవారి దగ్గర పెట్టిన కాగితం కదా, పారేయకూడదు, తొక్కకూడదు, కాబట్టి దాన్నే భద్రపరచడం రివాజైపోయింది. నెలకో కట్ట, కట్టకో అట్ట. ఆయన పోయారు, కొడుకులు వచ్చారు, నేను వచ్చాను, ఆ రివాజు మాత్రం కదల్లేదు. ప్రతి పేజీ మూలా ఒక పసుపు మరక. ఎంత పవిత్రమైన లైబ్రరీ మాది అని నేను కూడా మురిసిపోయాను.

నా రిటైర్మెంటు దగ్గరపడుతుండగా ఆఫీసు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అచ్చుపని ఎప్పుడో ఊరవతల కొత్త ప్రెస్సుకి వెళ్లిపోయింది. పాత మెషీన్ కింద గదిలో తుప్పుపట్టి పడుంది. కొత్త ఆఫీసు అద్దాలతో బాగానే ఉంది గానీ, బీరువాలకి చోటు లేదు. అందుకని పాత పేపర్లన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టాలని యాజమాన్యం నిర్ణయించింది. ఆ పని నా నెత్తిన పెట్టారు. నాకు సాయంగా దువ్వాడ నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక కంప్యూటరమ్మాయిని వేశారు. పెళ్లై ఇద్దరు పిల్లలు, అయినా అందరికీ అమ్మాయే. చేతి పని చకచకా చేస్తుంది, నోటి పని ఇంకా చకచకా చేస్తుంది.

పైన మా మేనేజరుగారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చాలా ఏళ్లయినా మాటలో 'అండీ' పోని మనిషి. మంచివాడే. కాకపోతే తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "మన పత్రిక పుట్టిన దగ్గర్నుంచీ ప్రతి అక్షరం కంప్యూటర్లో ఉందని ప్రకటన ఇస్తామండీ. సభ పెడతాం. మీకు శాలువా కూడా కప్పుతాం" అన్నారు. శాలువా అంటే నేనూ మెత్తబడ్డాను, ఎందుకు దాచాలి.

పని ముగింపుకొస్తున్న రోజుల్లో ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. ఆనందపురం మార్కెట్లో పూలు కొని సిటీలో అమ్ముతుంది. ఖాళీ బుట్టలో తడి గుడ్డ, అరటినార. మా మెట్లెక్కేసరికి లైబ్రరీ అంతా చామంతుల వాసన.

"మీ పాత పేపర్లన్నీ కంప్యూటర్లో ఎడతన్నారటమ్మా. మా అయ్య ఫొటో మీ పేపర్లో పడినాది. అదొక్కటి తీసిత్తారేటని వచ్చినాను" అంది.

ఆమె చెప్పిన కథ చిన్నది. ఆమె తండ్రి పల్లె నుంచి వచ్చి పోర్టులో కలాసీగా పనిచేసేవాడు. ఒక తుఫాను రాత్రి ఓడలు వచ్చే పోర్టు ఛానల్లో లాంచీ తిరగబడితే, ఆయన దూకి మనుషుల్ని గట్టుకు చేర్చాడు. ఒక పసిపిల్లని భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే మా ఫొటోగ్రాఫరు తీసిన ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం లేడు, జ్వరమొచ్చి పోయాడట. అప్పటికి ఈమె చంటిది. బతికుండగా ఆయన ఇంకెక్కడా ఫొటో దిగలేదు. ఆ ఒక్క పేపరునూ తల్లి ట్రంకుపెట్టె అడుగున దాచుకుంటే, తర్వాతి తుఫానుకి ఇంటి రేకులు ఎగిరిపోయి పెట్టెలో నీళ్లు నిండాయి.

"ఇన్నాళ్లూ మాయమ్మ ఎప్పుడూ అడగనేదమ్మా. ఇప్పుడు రోజూ అదే అడుగుతాది, మీ అయ్య మొగం ఎలగుండీదే అని. నానెక్కడ సూసినాను? సంకలో గుంటని. నుదురు దాకా గేపకం వత్తాదంట, కిందంతా అలుక్కుపోతాదంట. కూడు తింటా తింటా సెయ్యాపేసి ఏడుత్తాది."

నేను ధీమాగా కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాను. "దానికేం భాగ్యం, ఒక్క నిమిషం" అన్నాను. ఆ ధీమా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తుఫాను తేదీ కనుక్కోవడం కష్టం కాలేదు. మర్నాటి పేపరు తెరమీదికి వచ్చింది. మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఏముందో తెలుసా? తుఫాను రావచ్చని హెచ్చరిక! ఊరు ఊరంతా చెట్లు కూలి, దీపాలు పోయి, సముద్రం రోడ్డెక్కిన మర్నాడు మా పేపరు తుఫాను రాబోతోంది జాగ్రత్త అంటోంది. లాంచీ లేదు, మెట్లు లేవు, కలాసీ లేడు. ఫొటో ఉండాల్సిన చోట ఎరువుల కంపెనీ ప్రకటన, నవ్వుతున్న రైతు. ఆ మర్నాటిది చూశాం. ఆరు జిల్లాల నష్టం నిండిపోయి, ఛానల్లో బోల్తాపడిన లాంచీ ప్రయాణికులందరూ క్షేమం అని మూలన రెండు లైన్లు. ఎవరూ పోలేదు, కాబట్టి వార్త చిన్నదైపోయింది. ఆయన దూకబట్టే చిన్నదైందని ఆ రెండు లైన్లు రాసినవాడికి తట్టలేదు.

ఆమె తెర వంక చూసింది, నా వంక చూసింది. "అయితే మాయమ్మ అబద్దమాడతాదేటి?" అంది. అడిగిన తీరులో కోపం లేదు, భయం ఉంది. నిజంగానే తల్లి కల్పించుకుందేమోనని ఆ క్షణంలో ఆమెకి అనుమానం వచ్చింది. ఆ అనుమానం పుట్టించింది మా కంప్యూటరు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. బీరువాల మధ్య తిరగడం మొదలుపెట్టాను. ఈలోగా దువ్వాడమ్మాయి పేజీని పెద్దది చేసి చూస్తూ, ఊరికే అన్నట్టుగా అంది: "ఏటి మేడమ్, ఈ పేరు కింద సుక్క ఏటి? అన్ని పేపర్లకీ ఇదే ఒక్క సుక్క ఉంటాది. మచ్చనుకుని కొన్ని సెరిపేసినాను కూడాను."

నా కాళ్లు ఆగిపోయాయి. ఒక్క చుక్క. ఇచ్ఛాపురం వెళ్లే ఎడిషను. అమ్మవారికి పెట్టింది మొదటి కాపీ, దాచింది అమ్మవారికి పెట్టిన కాపీ. మేం ఇన్ని దశాబ్దాలుగా అట్టలు కట్టి, కలరా ఉండలు వేసి, చెదల నుంచి కాపాడింది రాత్రి భోజనాల వేళకే తలుపులేసుకున్న విశాఖపట్నాన్ని. ఆ తర్వాత ఈ ఊళ్లో జరిగినవేవీ మా దగ్గర లేవు. గబగబా ఇంకో పది తేదీలు తీయించాను. ఎన్నికల ఫలితాలు తెల్లారేటప్పటికి తేలిన రోజు మా పేపర్లో 'హోరాహోరీ'. అగ్నిప్రమాదం జరిగిన మర్నాడు అదే వీధిలో చీరల ఎగ్జిబిషన్ ప్రకటన. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే పూలామె ముందుకి వెళ్లి నిలబడ్డాను.

"మీ అమ్మ అబద్ధం చెప్పలేదమ్మా. మేమే సగం దాచాం. ఆ పేపరు ఎక్కడున్నా తెస్తాను" అన్నాను. ఎక్కడుందో నాకు తెలియదు. ఆమె మాత్రం నమ్మి, వెళ్తూ వెళ్తూ మా అమ్మవారి పటానికి ఒక మూర కనకాంబరాలు పెట్టి వెళ్లింది. ఆ పటం వంక చూడాలంటే నాకు ఒళ్లు మండింది.

మేనేజరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన శాంతంగా విన్నారు. "వార్త అయితే ఉంది కదండీ, రెండు లైన్లు. లేనిది ఫొటో ఒక్కటే. దానికోసం సభ ఆపుతామా? ప్రతి అక్షరం అన్నాం గానీ ప్రతి ఫొటో అనలేదుగా?" అన్నారు.

కోపం వస్తే నా నోట్లోంచి మా తగరపువలస యాస బయటికొచ్చేస్తుంది. "ఆ ఒక్క ఫొటో కోసం ఒక ముసిల్ది కూడు మానేసి ఏడుత్తంది సార్! ఊరు సగమే దాసి అంతా దాసీసినామని సాటింపేయించుకుంటామేటి?" అనేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సభ వారం వెనక్కి జరుపుతాను. అంతకన్నా నా చేతిలో లేదండీ" అన్నారు. అది కూడా ఆయన మంచితనమే, అప్పుడు నాకు అలా తోచలేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో. కోర్టు గుమాస్తాలను అడిగాను, ప్రకటనల ఏజెన్సీల పాత గోడౌన్లు తిరిగాను, యూనియన్ వాళ్ల పఠనమందిరానికి వెళ్లాను. అందరిదీ ఒకటే మాట. ఆ తుఫాను మర్నాడు మీ పేపరే రాలేదమ్మా అని. నాకు పిచ్చెక్కినంత పనైంది. చివరికి మా పాత మెషీన్ ఫోర్‌మన్‌కి ఫోను చేశాను. ఊరందరికీ ఆయన బావ, ఆయనకి ఊరంతా బావ. నాకు మాత్రం అన్నయ్య. రిటైరై కూతురింట్లో ఉంటున్నాడు, చెవి కొంచెం దూరం.

"ఆ రేతిరా? మరిసిపోతానేటి సెల్లీ! జనరేటరు మీద తోలినాం. సిటీ ఎడిషను అచ్చేసినాం గానీ ఒక్క వ్యానూ గేటు దాటనేదు. సెట్లన్నీ రోడ్డుకడ్డం. కట్టలన్నీ అలగే ఉండిపోనాయి. పక్కనున్న పోర్టోల్లు నడిసొచ్చి రెండు మూడు అట్టుకుపోనారు, అంతే."

"మరి ఆ కట్టలు ఏం చేశారన్నయ్యా?"

"తుక్కుకి అమ్మీసినామే. మరేటి సేత్తాం? దసరాకి ముందు గది కాళీ సెయ్యాల గదా, పూజకి" అన్నాడు. ఆ తర్వాత తన మోకాళ్ల నొప్పి గురించి చాలాసేపు చెప్పాడు.

ఫోను పెట్టేశాక నేను నడుస్తూ నడుస్తూ కింద మెషీన్ రూములోకి దిగిపోయాను. ఎందుకు వెళ్లానో తెలియదు. కాళ్లు తీసుకెళ్లాయి. పాత మెషీన్ చుట్టూ ఒకటే ప్రదక్షిణలు. దసరా, పూజ, గది ఖాళీ, ఇవే మాటలు బుర్రలో తిరుగుతున్నాయి. అలా తిరుగుతుంటే నా భుజం గోడకి రాసుకుని ఒక పెచ్చు ఊడి కిందపడింది. సున్నం పెచ్చు అనుకున్నాను. వంగి తీస్తే కాగితం. అట్టంత మందాన కాగితం మీద కాగితం.

మెషీన్ రూములో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. గోడలు ఏడాదంతా ఇంకుతో, గ్రీజుతో జిడ్డోడుతుంటాయి. ప్రతి దసరాకీ ఆయుధపూజ ముందర మా మెషీన్‌వాళ్లు మైదా పిండి ఉడకబెట్టి, చెద పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, గోడల నిండా కొత్తగా పేపర్లు అతికించేవారు. పాతవాటి మీదే. దానికి వాడేది గదిలో మిగిలిపోయిన కాపీలు. గదిలో మిగిలేది ఎప్పుడూ ఆఖరున అచ్చయినవే! పెచ్చు మూల పత్రిక పేరు కింద బొగ్గుపొడి తుడిచి చూశాను. మూడు చుక్కలు.

ఆ తుఫాను దసరాకి ముందే వచ్చింది. కట్టలకు కట్టలు అదే గదిలో ఉన్నాయి. అన్నీ తుక్కుకి వెళ్లి ఉండవు. ఈ గోడలో ఎక్కడో లోపలి పొరలో ఆ కలాసీ ఉన్నాడు. నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. చాలాకాలం తర్వాత నేను కదలకుండా నిలబడ్డది ఆ కాసేపే.

సంతోషం మెట్లెక్కేదాకా కూడా నిలవలేదు. పాత మెషీన్‌ని గాజువాక తుక్కు వ్యాపారి కొన్నాడు. ఆ పేపర్ల గోడ మెషీన్ బిగించాక కట్టింది. దాన్ని పగలగొడితే తప్ప మెషీన్ బయటికి రాదు. మర్నాడే క్రేను వస్తోంది.

మర్నాడు పొద్దున్నే నేనూ దువ్వాడమ్మాయీ గోనెసంచులు తడిపి, గోడకి కప్పి, మీద వేణ్నీళ్లు పోస్తూ మొదలుపెట్టాం. తుక్కు వ్యాపారి మనుషులతో దిగాడు. మెడలో తువ్వాలు, నోట్లో సగం కాలిన చుట్ట.

"ఏటమ్మా ఇది? క్రేను గంటల లెక్కన తిరుగుతాది నాకు. మీరు గోడకి తలంటు పోత్తంటే నాను సూత్తా కూకోవాలేటి?"

"గోడలో ఒకాయన ఉన్నాడు నాయనా, ఆయన్ని తీసుకుని వెళ్లిపోతాం" అన్నాను. అతను చుట్ట తీసి నా వంక తేరిపార చూశాడు. దువ్వాడమ్మాయి గబగబా కథంతా చెప్పేసింది. అతను తల గోక్కుని, "మావోల్లు మెషీన్ బోల్టులు కోసినదాకా టైమిత్తాను. అది ఊడినాక ఒక్క నిమిషం కూడా ఆగను. బేగి కానియ్యండి" అన్నాడు.

మేనేజరుగారు గుమ్మంలో నిలబడి, "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది మీ పని" అన్నారు. అంటూనే చొక్కా చేతులు మడిచి బకెట్ అందుకున్నారు. తడి గోనె మొయ్యడం ఆయనకి బొత్తిగా చేతకాదు. ప్యాంటంతా తడుపుకున్నారు.

అసలు కష్టం అప్పుడు తెలిసింది. ఒక్కో ఏడు ఒక్కో పొర. ప్రతి పొరలోనూ మా దగ్గర లేని మూడు చుక్కల పేపర్లే. నిదానంగా, జాగ్రత్తగా ఒక్కో కాగితం తీస్తే మేం పోగొట్టుకున్న ఊరిలో కొంతైనా తిరిగొస్తుంది. కానీ అలా తీస్తే ఆ కలాసీ పొర దాకా చేరకముందే గోడ కూలుతుంది. కలాసీ కోసం లోపలికి తవ్వితే పైవన్నీ ముక్కలవుతాయి. అవీ ఎవరివో ఒకరివే. వాటిలోనూ ఎవరి తండ్రో, ఎవరి తల్లో ఉంటారు. నా వెనకాల గ్యాస్ కట్టరు బోల్టులు కోస్తూ నిప్పురవ్వలు ఎగజిమ్ముతోంది. నేను గోడ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. లైబ్రేరియన్ అన్నదానికి ఇంతకన్నా పాడు ప్రశ్న రాకూడదు.

"మేడమ్, నడిసింది సాలు, ఏటి సేద్దామో సెప్పండి" అంది అమ్మాయి, చేతిలో కెమెరాతో.

తలుపంత వెడల్పు మేర గోడమీద సుద్దతో గీత గీశాను. "ఇంతే. ఇక్కడ్నించి లోపలికే వెళ్దాం. తీసిన ప్రతి పొరకీ ముందు నువ్వు ఫొటో తియ్యి, తర్వాత నేను ఊడదీస్తాను. మిగతా గోడని..." అని ఆగిపోయాను. వదిలేద్దాం అనడానికి నోరు రాలేదు. ఆ అమ్మాయి అర్థం చేసుకుని కెమెరా ఎత్తింది.

అలా వెనక్కి వెళ్లాం. సినిమా పోస్టరు ప్రకటనలు, సమ్మెలు, ఊరేగింపులు, ఎవరెవరివో శ్రద్ధాంజలి ఫొటోలు. కొన్నిటి దగ్గర చెయ్యి ఆగేది, చదవడానికి టైము లేదు. మైలుతుత్తం మంటకి గోళ్ల సందులు భగ్గుమన్నాయి. లోపలికి పోయేకొద్దీ కాగితం గోధుమరంగు తిరిగి రొట్టెలా మెత్తబడింది. చివరికి ఒక పొర మీద పెద్దక్షరాలు: తుఫాను తీరం దాటింది. దాటింది! నేను గట్టిగా అరిచాను. గ్యాస్ కట్టరువాడు కూడా ఆపి చూశాడు.

తీరా చూస్తే అది రెండో పేజీ, తుఫాను వార్తల కొనసాగింపు. మొదటి పేజీ గోడవైపుకి అతుక్కుని ఉంది. అంటే కాగితాన్ని చిరగకుండా మొత్తంగా లేపాలి. నేను ఒక అంచు పట్టుకుంటే ఇంకో అంచు జారుతోంది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి విసుక్కున్న తుక్కు వ్యాపారి వచ్చి, చుట్ట ఆర్పి, "అంచు మీరు అట్టుకోండి. అడుగున రేకు నాను పెడతాను" అన్నాడు. పల్చటి రేకు కాగితం కిందికి జొనిపి, ఊపిరి బిగబట్టి జరుపుకుంటూ వచ్చాడు. కాగితం రేకు మీదికి వచ్చింది. తిరగేశాం.

పోర్టు మెట్లు. తలకి తుండు చుట్టుకున్న మనిషి, నీళ్లోడుతున్న బనీను, భుజాన పసిపిల్ల. ఎడమ చెంప దగ్గర రూపాయంత కాగితం గోడకే ఉండిపోయింది. మిగతా ముఖమంతా ఉంది. కళ్లు ఫ్లాషుకి చికిలించి, నోరు సగం తెరిచి, ఎవరినో పిలుస్తున్నట్టున్నాడు. మేనేజరుగారు బకెట్ కింద పెట్టి పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నారు.

సాయంత్రానికి గోడ కూలింది. నేను చూడకూడదనుకుని రోడ్డుమీదికి వచ్చేశాను గానీ చప్పుడు వినిపించింది. ఇటుకలతో పాటు మిగతా పొరలన్నీ లారీ ఎక్కాయి. ఇప్పటికీ ఒక్కోసారి ఉన్నట్టుండి లేచి తిరుగుతాను, ఆ గీతకి అవతల ఏముండి ఉంటుందా అని. దానికి మందు లేదు.

రెండు రోజుల తర్వాత దువ్వాడమ్మాయి ఫొటోని పెద్దది చేసి తెచ్చింది. "ఆ సెంప కాడ కన్నం కంప్యూటరే నింపీగలదు మేడమ్. అసలు తేడా తెలీదు. నింపీమంటారా?" అని అడిగింది. వద్దన్నాను. ఆ ముసలావిడ చూడాలనుకున్నది మొగుడి చెంప, కంప్యూటరు ఊహించిన చెంప కాదు. అక్కడ కాగితం ఊడిపోయింది, ఊడిపోయినట్టే ఉండనీ.

ఇద్దరం ఆనందపురం వెళ్లాం. పూలామె ఇల్లు ఊరికి ఈ చివర, ముందర బంతి మడి. తల్లి అరుగు మీద కూర్చుని దండ కడుతోంది. చేతులు వాటంతటవే ముడివేస్తున్నాయి. కూతురు వచ్చి, "అమా, అయ్య ఫొటో తెచ్చినారు" అని ఒళ్లో పెట్టింది.

ముసలావిడ చాలాసేపు చూసింది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పట్టుకుంది. గుర్తుపట్టకపోతే? ఇది మా ఆయన కాదంటే? అరుగు ముందు అటూ ఇటూ నడుస్తుంటే అమ్మాయి నా చెయ్యి పట్టి ఆపింది.

"ఇంత కుర్రోడా!" అంది ముసలావిడ.

మాకెవరికీ అర్థం కాలేదు. ఆవిడ కూతురి వైపు తిరిగింది. "సూడే, నీకన్నా సిన్నోడు మీ అయ్య. నెరిసిన మీసం ఏసి, ముడతలేసి ఎతుకుతన్నాను నాను. నాతో పాటే ముసిలోడైపోయుంటాడని. మరి మొగం ఎలగ దొరుకుతాది?"

నవ్వింది. బోసినోటితో, గట్టిగా. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, చెంప దగ్గర ఊడిపోయిన చోట వేలు పెట్టి, "ఇక్కడ సిన్న గాటుండీది. కొడవలి తగిలి" అంది. ఆ కన్నం అడుగున ఏముందో ప్రపంచంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

సభ జరిగింది, శాలువా కప్పారు. ప్రకటనలో 'ప్రతి అక్షరం' అన్నమాట తీసేసి, 'మా దగ్గర మిగిలినంతవరకు' అని మేనేజరుగారే తన చేత్తో దిద్దారు. చెరిపేసిన చుక్కలన్నీ అమ్మాయి తిరిగి పెట్టింది. మీరిప్పుడు కంప్యూటర్లో మా పత్రిక తెరిస్తే ప్రతి పేపరుకీ ఒక చుక్క కనపడుతుంది, ఆ తలుపంత గోడలో దొరికినవాటికి మూడు. ఒక్క చుక్క ఉన్నచోట ఆ రాత్రి ఇంకా మిగిలే ఉందని అర్థం.

మేం తిరిగి రావడానికి లేస్తుంటే ముసలావిడ కట్టిన దండ తెంపి నా చేతిలో పెట్టింది. తర్వాత ఒళ్లోని ఫొటో వంక చూసి, ఎదుట పరాయి కుర్రవాడెవరో నిలబడ్డట్టు, జారిన పైట సర్దుకుని తలమీదికి లాక్కుంది.